ఫొటోయాత్ర ఐదో పాఠం: ఇసుకలో పెట్టిన ప్లస్ ఒకటి ఊర్లోకి మోసుకురావద్దు

ఈ పాఠంలో వీధి ఫొటోలు మొదలుపెడదాం అనుకున్నా, కానీ పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూసినాక అది కొంచెం వెనక్కి పోయింది. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క ఇసుక దిబ్బల్లో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కన్నా వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్; ప్లస్ ఒకటి అంటే రెండింతలు, మైనస్ ఒకటి అంటే సగం) ప్లస్ ఒకటి పెట్టి తీయండి అని చెప్పినా కదా, దాంతో రెండు రకాల ఇబ్బంది వచ్చింది. కొంతమంది ప్లస్ పెట్టనే లేదు, "మిట్ట మధ్యాహ్నం ఎండ మండిపోతాంటే ఇంకా వెలుతురు పెంచమంటారేంది సార్, తగ్గించాల గదా" అని మైనస్ ఒకటి పెట్టి తీసినారు, ఇసుకంతా సిమెంటు రంగులో వచ్చింది. ఇంకొంతమంది ప్లస్ ఒకటి పెట్టి ఇసుకను చక్కగా తీసినారు, తర్వాత దాన్ని తియ్యకుండా అట్లనే ఇంటికొచ్చి మరుసటి రోజు బర్రెల్ని, కొట్టాల్ని, సాయంత్రం టవర్ క్లాక్‌ని అన్నిట్నీ అదే ప్లస్ ఒకటితో తీసినారు. బర్రెలు బూడిద రంగుకొచ్చినాయి, ఆకాశం తెల్ల కాగితం అయిపోయింది.

రెండు తప్పులకూ మూలం ఒకటే. ప్లస్, మైనస్ అనేవి ఎండ ఎంత ఉందో చూసి పెట్టేవి అనుకుంటున్నారు. అది పోతే గానీ ముందుకు పోలేం, అందుకే దీన్ని సాగదీసి చెప్తా, తెలిసినవాళ్ళు కూడా ఒకసారి చదవండి.

కెమెరాలో మీటర్ ఉంటాది. ఎదురుగా ఉన్న వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుతురును అది కొలుస్తాది. పైనుంచి ఎంత ఎండ పడుతుందో దానికి తెలీదు, ఎదురుగా ఉండేది పాలా బొగ్గా అనేది అంతకన్నా తెలీదు. కాబట్టి దానికి ఒక లెక్క నేర్పించి పెట్టినారు, ఫ్రేమ్‌లో ఏముండినా సగటున అది చామనచాయ అనుకోమని. పడిన వెలుతురులో సుమారు 18 శాతం వెనక్కి పంపే బూడిద రంగు అది, ఫిల్మ్ రోజుల్లో స్టూడియోవాళ్ళు గ్రే కార్డ్ అని వాడేవాళ్ళు కదా, అదే. తెల్ల గోడను ఫ్రేమ్ నిండా పెడితే "అబ్బా, ఇంత వెలుతురా" అని మీటర్ తగ్గించేస్తాది, గోడ బూడిద అవుతాది. నల్ల కంబళిని పెడితే "ఏం వెలుతురు లేదే" అని పెంచేస్తాది, కంబళి కూడా బూడిదే అవుతాది.

అంకెల్లో చూడండి. కళ్యాణదుర్గం రోడ్డులో మధ్యాహ్నం మబ్బు లేని ఎండ. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాల అనే అంకె) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగితే చిన్నదవుతాది) ఎఫ్8. ఒక గొర్రెల కాపరి నల్ల కంబళి భుజాన వేసుకొని నిలబడినాడు, ఆయన వెనక సున్నం కొట్టిన తెల్ల గోడ. ఇద్దరి మీదా పడే ఎండ ఒకటే, ఒక్క రవ్వ తేడా లేదు. దగ్గరికి పోయి గోడ ఒక్కటే ఫ్రేమ్ నింపితే మీటర్ షట్టర్ తెరిచుండే సమయం సుమారు 1/1600 సెకను చూపిస్తాది. కంబళి ఒక్కటే నింపితే సుమారు 1/100 చూపిస్తాది. అసలు ఆ ఎండకు సరిపడే షట్టర్ రెండిటికీ ఒకటే, దాదాపు 1/400. ఆ 1/400తో తీస్తే గోడ తెల్లగానే వస్తాది, కంబళి నల్లగానే వస్తాది, కాపరి మొహం ఆయన మొహం మాదిరే వస్తాది. అంటే గోడ దగ్గర మీరు ప్లస్ రెండు చెప్పాల, కంబళి దగ్గర మైనస్ రెండు చెప్పాల, అదీ ఒకే చోట, ఒకే ఎండలో, ఒకే నిమిషంలో. ఇంక ఎండకూ ప్లస్సుకూ ఏం సంబంధం ఉంది?

ఈ 1/400 ఎక్కడ నుంచి వచ్చిందంటే పాత ఫిల్మ్ లెక్క. నడినెత్తి ఎండలో ఎఫ్16 పెట్టుకుంటే ఐఎస్ఓ ఎంతో షట్టర్ అంతలో ఒక వంతు, ఐఎస్ఓ 100కి 1/100. ఎఫ్16 నుంచి ఎఫ్8కి వస్తే వెలుతురు నాలుగింతలు, కాబట్టి 1/400. నేను ఈ లెక్క మీదే బతుకుతా, మీటర్ చూపించేది దీనికి చాలా దూరంగా ఉంటే ఫ్రేమ్‌లో తెలుపో నలుపో ఎక్కువుందని వెంటనే తెలిసిపోతాది.

ఇప్పుడు ఇసుకకు రండి. హగరి ఏటి పక్కన ఉండే ఇసుక సున్నం అంత తెల్లగా ఉండదు, చామనచాయ కన్నా సుమారు రెండింతలు వెలుతురు వెనక్కి పంపుతాది. రెండింతలు అంటే ఒక స్టాపు, అందుకే ప్లస్ ఒకటి. అది కూడా మధ్యాహ్నం, నీడలు లేనప్పుడు. సాయంత్రం ఐదున్నర తర్వాత ఎండ పక్కనుంచి పడితే గాలి గీసిన ప్రతి గీతకూ ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ పడతాది, ఫ్రేమ్‌లో సగం చీకటే. అప్పుడు సగటు తనంతట తానే చామనచాయకు దగ్గరికొస్తాది, ప్లస్ మూడో వంతు చాలు, ఒక్కోసారి సున్నా చాలు. సాయంత్రం ప్లస్ ఒకటి పెట్టి గీతల అంచులు కాల్చేసుకున్నవాళ్ళు, అంటే వివరం లేకుండా ఒట్టి తెలుపు చేసుకున్నవాళ్ళు, ఇది గమనించండి. నాకైతే మధ్యాహ్నం ఇసుక ఫొటో వద్దే వద్దు, ఆ గీతలు కనపడకుంటే దిబ్బకూ ఇసుక ట్రాక్టర్ లోడుకూ తేడా ఏముంటాది.

జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బలకు పోతున్నా అన్న అక్కకు కూడా ఇదే లెక్క, ఇసుక రంగు చూసుకొని ఒక అర స్టాపు అటూ ఇటూ. కచ్ ఉప్పు రణ్‌కు పోతే మాత్రం అది సున్నం గోడే అనుకోండి, ప్లస్ ఒకటిన్నర నుంచి రెండు దాకా. అక్కడ ఉప్పు నీలం బూడిదగా వచ్చిందని బాధపడి ఫిల్టర్లతో తెలుపు చేసేవాళ్ళు చాలామంది. తీసేటప్పుడే డయల్ కొంచెం తిప్పితే పోయేదానికి ఇంటికొచ్చి గంటలు గంటలు కూర్చుంటారు.

దిబ్బల గురించి ఇంకో మాట కూడా చెప్పాల. ఇవి టూరిస్టుల కోసం పుట్టినవి కాదు. అనంతపురం వాన విషయంలో దేశంలో జైసల్మేర్ తర్వాత చెప్పుకునే జిల్లా, ఆషాఢం గాలులకు హగరి ఇసుక లేచి పక్క పొలాల మీద పడి పడి ఇట్ల అయింది. మీరు దొర్లే ఇసుక కింద ఒకప్పుడు ఒకరి చేను ఉండింటాది. ఆ రైతుల్ని పలకరించండి, గట్లు తొక్కొద్దు, గాలి ఆపడానికి నాటిన చెట్ల దగ్గర బండ్లు తిప్పొద్దు. లెన్స్ అక్కడ మార్చొద్దని వేరే చెప్పక్కర్లేదు.

మళ్ళీ మీ ఫొటోలకు. లేపాక్షి నంది. 27 అడుగుల పొడవు, ఒకే రాయి, అందరికీ తెలిసిందే. "నల్లరాయి కదా అని మైనస్ ఒకటి పెట్టినా, చీకటిగా వచ్చింది" అని హిందూపురం తమ్ముడు రాసినాడు. తమ్ముడూ, పేరుకు నల్లరాయి గానీ ఎండలో నిలబడి చూడు, ఆ గ్రానైట్ దాదాపు చామనచాయే. సున్నా పెట్టు చాలు. అదే లేపాక్షిలో వీరభద్ర ఆలయం మండపంలోకి పోతే పైకప్పు నిండా విజయనగర కాలం బొమ్మలు, లోపల మసక వెలుతురు. అక్కడ ప్లస్ పెట్టినవాళ్ళు ఉన్నారు, చీకటిగా ఉంది కదా అని. వెలుతురు తక్కువ ఉంటే మీటర్ దానంతట అదే షట్టర్ నిదానం చేస్తాది, దానికి మీ సాయం అక్కర్లేదు. ఐఎస్ఓ 1600కి తీసుకుపోండి, ఊపిరి బిగబట్టి స్తంభానికి ఆనుకొని తీయండి, ఫ్లాష్ మాత్రం వద్దు, ఆ రంగులు మనకంటే ముందు నుంచి ఉండేవి.

బెలూం గుహలు ఇంకో రకం. 3,229 మీటర్ల గుహలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనల్ని పోనిస్తారు, దారిలో అక్కడక్కడ దీపాలు. ఫ్రేమ్‌లో ముప్పాతిక నలుపు, ఒక మూల దీపం వెలుగు. మీటర్ ఆ నలుపును చామనచాయ చెయ్యబోయి దీపం చుట్టూ ఉన్న రాతినంతా కాల్చేస్తాది. మైనస్ ఒకటి, కొన్ని చోట్ల ఒకటిన్నర. నాపరాయి పరిచిన నడవాలు, బర్రెలు, నల్ల మేకలు, తారు రోడ్డు కూడా ఫ్రేమ్ నింపితే మైనస్సే. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు ప్లస్.

గండికోట పొద్దున ఫొటోలు పంపినవాళ్ళు, మీ అందరికీ కలిపి ఒకటే జవాబు. సూర్యుడు ఎదురుగా, కింద లోయ నీడలో ఉన్నప్పుడు రెండూ ఒకే ఫొటోలో సరిగ్గా రావు, ఏదో ఒకటి వదులుకోవాల. ఆకాశం కావాలంటే ఆకాశానికి కొలవండి, లోయ నల్లగా పోనీండి. నేనైతే ఆ గుంపులో నిలబడి సూర్యుణ్ణి తీయను, ఇంకో ముప్పావుగంట ఆగుతా, ఎండ ఎర్ర బండల మీదికి దిగి పెన్న గీసిన ఆ గోడల పొరలు ఒక్కొక్కటీ విడిగా కనపడేటప్పుడు వీపును సూర్యుడికి పెట్టి తీస్తా. అప్పటికి సగం మంది టిఫిన్‌కి పోయింటారు.

ఫోన్‌లో తీసేవాళ్ళకు: ఏది సరిగ్గా రావాలో దాని మీద వేలు నొక్కి పట్టుకోండి, లాక్ పడుతుంది, పక్కన సూర్యుడి గుర్తు వస్తాది, దాన్ని పైకి జరిపితే ప్లస్, కిందికి జరిపితే మైనస్. కొన్ని ఫోన్లలో ప్రో మోడ్‌లో ఈవీ అని అంకెలే ఉంటాయి. ఎండలో స్క్రీన్ చూసి బాగుందో లేదో తేల్చొద్దు, హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఫొటోలో ఏది ఎంతుందో చూపించే గ్రాఫ్) ఉంటే అది చూడండి, కుడి గోడకు గుద్దుకోకుండా ఉంటే చాలు. కాలిపోయిన తెలుపును జేపెగ్‌లో ఎవరూ వెనక్కి తేలేరు. కెమెరా ఉన్నవాళ్ళు రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైల్, RAW) పెట్టుకోండి, ఎందుకని మాత్రం ఇప్పుడు అడగొద్దు.

వీధి ఫొటోలకు ఈ పాఠంలో ఇంక చోటు కొంచెమే మిగిలింది, కానీ పైన చెప్పిందంతా అర్థమైతే అదే చాలు. కర్నూలు పాతబస్తీలో కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల, కడపలో పెద్ద దర్గా దారిలో నిలబడండి. తెల్ల జుబ్బా ఒకరు పోతారు, వెనకనే నల్ల బురఖాలో ఇంకొకరు, తర్వాత టమాటాల బండి. ఆటో ఎక్స్‌పోజర్ మీద ఉంటే ప్రతి మనిషికీ షట్టర్ మారిపోతాది, వెనకున్న గోడ ఒక ఫొటోలో తెలుపు, ఒక ఫొటోలో మసి. వీధి మీద పడే ఎండ మాత్రం ఆ అరగంటలో మారదు కదా. అందుకే వీధిలో నేను ఎమ్ మోడ్ (షట్టర్, అపెర్చర్ మనమే పెట్టుకునే మాన్యువల్) మీదే ఉంటా: ఐఎస్ఓ 200, ఎఫ్8, 1/800. ఎండ పట్టెలో ఎవరొచ్చినా ఇదే. నీడ పక్కకు తిరిగితే రెండు మూడు స్టాపులు తక్కువ, షట్టర్ 1/125కి దించుతా, లేదంటే ఐఎస్ఓ పెంచుతా. ఎమ్ మోడ్‌లో ఐఎస్ఓ మీరే పెట్టుకున్నప్పుడు ప్లస్ మైనస్ తిప్పినా చాలా కెమెరాల్లో ఫొటో మారదు, మీటర్ ముల్లు జరుగుతుంది అంతే, దీనికి కంగారుపడి కెమెరా రిపేర్‌కి ఇచ్చినవాళ్ళున్నారు. ఎండా నీడా కలిసే గీత దగ్గర నిలబడి ఎండకు పెట్టుకొని, ఎవరో ఒకరు నీడలోంచి ఎండలోకి అడుగు పెట్టేదాకా ఆగడం నా అలవాటు. మొహం దగ్గరగా తీయాలంటే అడగండి, వద్దంటే దించేయండి. ఆడవాళ్ళ దగ్గర, దర్గా లోపల ఇంకా జాగ్రత్త.

"సెట్టింగ్స్ పెట్టండి సార్" అని అడిగేవాళ్ళు పైన ఉన్న అంకెలు రాసుకుంటారని నాకు తెలుసు. అవి మబ్బు లేని ఎండకు మాత్రమే. మబ్బు కమ్మితే పనికిరావు.

ఇప్పుడు పని. కష్టంగానే ఉంటాది. ఒక తెల్ల వస్తువు, ఒక నల్ల వస్తువు, ఒక చామనచాయ వస్తువు ఒకే ఎండలో పక్కపక్కన పెట్టండి, ఇంట్లో పంచె, కంబళి, మట్టి కుండ ఏదైనా సరే. ఒక్కోదాన్ని ఫ్రేమ్ నింపి మైనస్ ఒకటి, సున్నా, ప్లస్ ఒకటితో తీయండి, మొత్తం 9 ఫొటోలు. ప్రతి ఫొటో నొక్కే ముందు అది ఏ రంగుకు వస్తాదో ఒక కాగితం మీద రాయండి, రాసినాకే నొక్కండి. తర్వాత ఇదే పనిని మొత్తం నీడలో మళ్ళీ చేయండి. అక్కడ షట్టర్ అంకెలు మారతాయి గానీ ప్లస్, మైనస్ తేడాలు అట్లనే ఉంటాయి, ఉండకపోతే ఎక్కడో తప్పు జరిగింది, ఎక్కడో మీరే వెతకండి. ఎడిటింగ్ వద్దు, క్రాప్ కూడా వద్దు. 18 ఫొటోలూ, ఆ కాగితం ఫొటో కలిపి పంపండి, కాగితం లేకపోతే ఫొటోలు చూడను. పంపే ముందు డయల్ సున్నాకి తిప్పి పెట్టుకోండి. రాత్రి బజారు ఫొటోలు ఈసారి వద్దు, వాటి సంగతి ఆరో పాఠంలో.