బడి బస్సు వెనకాల నిలబడి చూడండి

జూన్ 12న బడులు తెరుస్తారు. ఈపాటికి పుస్తకాలు, బూట్లు, టిఫిన్ డబ్బాలు కొనేసి ఉంటారు. మొదటి టర్మ్ ఫీజు, దానితోపాటు బస్సు ఫీజు కూడా కట్టేసి ఉంటారు. ఆ బస్సును మాత్రం ఎవరూ చూడరు. టైముకు వచ్చిందా లేదా, అంతవరకే.

నేను ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైరైనవాణ్ని. 31 ఏళ్లు బస్సుల కిందే పడుకున్నాను. ఇప్పుడు హన్మకొండలో మనవరాలిని బడి బస్సు ఎక్కించడం, దింపుకోవడం నా డ్యూటీ. పోయినేడు జూలైలో ఒకరోజు బస్సు దిగగానే "తల నొస్తుంది తాతా" అంది. మర్నాడూ అదే మాట. ఎక్కడ కూర్చుంటున్నవే అంటే చివరి సీటు అని చెప్పింది. నేను బస్సెక్కి, జేబులోంచి రుమాలు తీసి, వెనక కిటికీ కింద రబ్బరు మీద ఒక్కసారి తుడిచాను. రుమాలు మీద కాటుక దిద్దినట్టు నల్ల చార పడింది. రోడ్డు దుమ్మయితే ఎర్రగానో బూడిద రంగులోనో ఉంటుంది, వేళ్లకు గరుగ్గా తగులుతుంది. ఇది మెత్తగా, జిడ్డుగా ఉంది. డీజిల్ మసి. వంగి చూస్తే చివరి సీటు కింద ఫ్లోరు ప్లేటు తుప్పు పట్టి రెండు చోట్ల కంతలు పడ్డాయి. కింద సైలెన్సర్ పైపు జాయింటు లీకవుతోంది. పొగ సగం బయటికి, సగం పిల్లల మీదికి.

డ్రైవర్‌ని అడిగితే, "పాత బండి కదా పెద్దసారూ, పొగ గట్లనే వస్తది. మొన్ననే ఫిట్‌నెస్ అయింది" అన్నాడు.

మొదటి మాట తప్పు. బండి పాతదైనంత మాత్రాన పొగ రాదు, చూసుకోకపోతే వస్తుంది. రెండో మాట నిజమే. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఫిట్‌నెస్ నాటి బస్సు, జూలై బస్సు

మన దగ్గర విద్యాసంస్థల బస్సులకు ఏటా మే 15తో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు అయిపోతుంది. బడులు తెరిచేలోగా ఆర్టీఏకు, అంటే రవాణా ఆఫీసుకు, తీసుకెళ్లి మళ్లీ చేయించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ కూడా చెల్లదు. అంత బలమున్న కాగితం అది. బండ్లను తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని (ఎంవీఐ) పాత డ్రైవర్లు ఇప్పటికీ "బ్రేక్ ఇన్‌స్పెక్టర్" అనే అంటారు, అప్పట్లో ఆయనంటే అంత భయం.

కానీ మే నెలాఖరులో షెడ్లలో జరిగేది నాకు తెలుసు. ఒక బస్సు మంచి టైర్లు ఇప్పి ఇంకో బస్సుకు బిగిస్తారు. మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఆ ఒక్క పూటకు బండి మారుతాయి. పాత పంపు బండ్లకు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గిస్తే పొగ తగ్గుతుంది, కాకపోతే బండి లాగదు. పొల్యూషన్ కాగితం చేతికి రాగానే స్క్రూ మళ్లీ మొదటికి వస్తుంది. రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక షెడ్డులో చేశాను కాబట్టి ఆ స్క్రూ నా చేత్తో కూడా తిప్పాను. అందరూ ఇలా చేస్తారనను. శ్రద్ధగా బండ్లు చూసుకునే బడులూ ఉన్నాయి. కానీ ఎంవీఐ చూసేది ఆరోజు తన ముందు నిలబెట్టిన బస్సును. మీ పిల్ల ఎక్కేది మిగతా ఏడాదంతా తిరిగే బస్సు. దాన్ని చూడాల్సింది మనమే.

పొగ

బస్సు వెనకాల అంటే నేరుగా పైపు ముందు కాదు, ఓ పక్కకు పది అడుగుల దూరంలో నిలబడండి. స్టాపులో ఆగి కదిలేటప్పుడు చూడాలి. మొదటి గేరులో ఒక్కసారి గుప్పున వచ్చి ఆగిపోతే పాత బండికి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రెండో గేరు, మూడో గేరు పడ్డాక కూడా నల్లగా వస్తూనే ఉంటే ఇంజిన్‌కు గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ అవుతోందని అర్థం. ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ని. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండ్లకు ఫిల్టర్ చెప్పిన గడువుకంటే ముందే మూసుకుపోతుంది. కొట్టి దులిపి మళ్లీ పెట్టేస్తారు, దానివల్ల లాభం లేదు. ఆ తర్వాత ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్, పంపు. 50 సీట్ల బండిలో 80 మందిని కుక్కినా నల్లపొగే వస్తుంది.

నీలం రంగు పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. రింగులో, టర్బోనో పోయినట్టు. ఇది చిన్న రిపేరు కాదు, అందుకే వాయిదా వేస్తుంటారు. తెల్లపొగ పొద్దున చలికి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వస్తే మామూలే. బండి వేడెక్కాక కూడా వస్తుంటే మెకానిక్‌కు చూపించాల్సిందే.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పిల్లలు తమ బరువును బట్టి చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. తలనొప్పి, వాంతులు అంటే "బస్సు పడట్లేదు" అని సరిపెట్టుకోకండి. ఎక్కడ కూర్చుంటున్నారో అడగండి. ఆ తర్వాత రుమాలు పరీక్ష చేయండి.

బడి గేటు ముందు సాయంత్రం బస్సులన్నీ ఇంజిన్ ఆన్ చేసి వరసగా నిలబడతాయి చూడండి, దాని గురించి ఒక సంగతి. అది డ్రైవర్ బద్ధకం అనుకుంటాం. చాలాసార్లు బ్యాటరీ వీకై, ఆపితే సెల్ఫ్ అందుకోదని ఆపరు. కాబట్టి "ఇంజిన్ ఆపవయ్యా" అని అతనితో గొడవపడేకంటే బ్యాటరీ మార్చమని ఆఫీసులో చెప్పడం మేలు.

పొల్యూషన్ కాగితంలో రెండు చూడాలి. ఒకటి గడువు: బీఎస్-4, బీఎస్-6 బండ్లకు (బీఎస్ అంటే పొగ మీద సర్కారు పెట్టిన ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ కొత్త బండి) ఏడాది, అంతకుముందువాటికి 6 నెలలే. రెండోది పొగ కొలత, 'కె' విలువ అని ఉంటుంది. బీఎస్-3, అంతకన్నా పాత బండికి 2.45, బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7 దాటకూడదు. రోడ్డు మీద కళ్లు మండేలా పొగ వదిలే పాత బస్సుకు కాగితంలో 0.3 అని ఉంటే, ఆ కొలత ఏ బండికి తీశారో అడగాల్సిందే.

బండి వయసు నంబరు ప్లేటు మీదే సగం తెలుస్తుంది. ఏపీ 36 అని ఉంటే 2014 జూన్‌కు ముందు మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో రిజిస్టర్ అయిన బండి. టీఎస్ అయితే ఆ తర్వాతది, టీజీ అయితే 2024 మార్చి తర్వాతది. 15 ఏళ్లు దాటిన బస్సును బడికి నడపకూడదు. బీఎస్-6 బండ్లు 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి. వాటిలో చాలావాటికి డీజిల్ ట్యాంకు పక్కన నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది, అందులో పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పోయాలి. ఖర్చు మిగులుతుందని దాన్ని బైపాస్ చేసే మహానుభావులున్నారు. కొత్త బండి కదా అని వదిలేయకండి.

బ్రేకులు, టైర్లు

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ బస్సులో ఎక్కినవాళ్లే వందమందికి పైగా ఉన్నారు. ఆ వార్త విన్న రోజు మా గ్యారేజీలో ఎవరూ అన్నం డబ్బా మూత తీయలేదు. అప్పటినుంచి బస్సులో మంది ఎక్కువైతే నా కళ్లు ముందు చక్రాల వైపే పోతాయి. బరువు పెరిగితే చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనర్ మీద భారం పెరుగుతుంది, దిగుడులో అది వేడెక్కి పట్టు వదులుతుంది. మీ పిల్ల నిలబడి వెళ్తోందంటే సీటు దొరకలేదన్న బాధ ఒక్కటే కాదు, ఆ బండి ఆగాల్సిన చోట ఆగకపోవచ్చు.

గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకు బండి అయితే పొద్దున స్టార్ట్ చేశాక గాలి గేజీ సూది పైకి ఎక్కేదాకా కదల్చకూడదు. బజర్ మోగుతుండగానే బండి తీసే డ్రైవర్ ఉంటే వెంటనే చెప్పండి. ఇంజిన్ ఆపాక ఎక్కడైనా "సుయ్" మని ఆగకుండా గాలి పోయే చప్పుడు వినిపిస్తే లీకు ఉన్నట్టే. ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లను మేం డిపోలో రోజూ వదిలేవాళ్లం. బడి బస్సుకు ఆ పని ఎవరు చేస్తున్నారని అడగండి. "ఏ ట్యాంకు?" అని ఎదురడిగితే సంగతి అర్థమైనట్టే.

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. కొలిచే పనిలేదు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయింది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. వెనక జంట చక్రాల్లో లోపలి టైరును చూడటం మరవకండి, గుండు టైర్లన్నీ అక్కడే దాక్కుంటాయి. ముందు చక్రాలకు మేం రీట్రెడ్ టైర్లు, అంటే అరిగినదాని మీద కొత్త రబ్బరు అతికించినవి, వేసేవాళ్లం కాదు.

వాన పడితే

2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలో ఒక స్కూల్ బస్సు ఇరుక్కుపోయింది. ఊరివాళ్లు పిల్లల్ని బయటికి తెచ్చారు. మనకు వరంగల్‌లో శివనగర్ అండర్ బ్రిడ్జి ఉంది, 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ మునిగిన తీరూ చూశాం. బస్సు ఏ దారిన వస్తుందో, వాన పడితే ఏ దారిన తిప్పుతారో ముందే అడిగి రాసిపెట్టుకోండి. డ్రైవర్‌తో కూడా ఒక మాట చెప్పండి: "నీళ్లు కనిపిస్తే తిరిగి రా తమ్మీ, గంట లేటైనా ఎవరం అడగం." నిజంగానే అడగకండి. ఇంకా రాలేదేమని పది ఫోన్లు కొట్టి అతణ్ని టెన్షన్ పెట్టేది మనమే.

నీళ్లలోంచి బయటికొచ్చాక లైనర్లు తడిసి బ్రేకు జారుతుంది. కొంచెం దూరం మెల్లగా, బ్రేకు తేలిగ్గా నొక్కుతూ నడిపితే ఆరిపోతుంది. తెలిసిన డ్రైవరే అయినా గుర్తు చేస్తే పోయేదేం లేదు. ఎమర్జెన్సీ డోర్ ఉందా అని కాదు, మీ ముందు తెరిచి చూపించమనండి. తుప్పు పట్టి రాని తలుపులు, అడ్డంగా బెంచీ వేసిన తలుపులు నేను చూశాను.

ఎవరిని అడగాలి

డ్రైవర్‌ని మాత్రం కాదు. అతని జీతమెంతో మనకు తెలుసు, నాజిల్స్ మార్చే అధికారం అతనికి లేదు. బడి బస్సుల నిబంధనల్లో తల్లిదండ్రుల కమిటీ అని ఒకటుంది. ఆ కమిటీ నెలకోసారి బస్సు కండీషన్ చూడాలి. డ్రైవర్ వయసు 60 దాటకూడదు, 3 నెలలకోసారి అతనికి ఆరోగ్య పరీక్ష చేయించాలి, అటెండర్ ఉండాలి, మొదటి మెట్టు నేలనుంచి 325 మిల్లీమీటర్లు దాటకూడదు అన్నవి కూడా అందులోవే. ఈ కమిటీ చాలా బడుల్లో కాగితం మీద కూడా ఉండదు. మా స్టాపులో నలుగురం కలిసి ప్రిన్సిపాల్‌కు ఒక కాగితం రాసిచ్చాం. కోపంగా కాదు, బస్సు నంబరు, తేదీ, రుమాలు ఫోటోతో. రెండు వారాలు పలకలేదు. మూడో వారం బస్సు షెడ్డుకు వెళ్లింది. పైపు వెల్డింగ్‌కు పట్టింది అరగంట, ఫ్లోరు ప్లేటుకు ఒక పూట. నాజిల్స్ కూడా సర్వీసు చేయించారు, పొగ చాలావరకు తగ్గింది.

బడి వినకపోతే పొగ వీడియో తీయండి, నంబరు ప్లేటు కనిపించేలా. ఏ రూటు, ఎన్ని గంటలకు ఏ చోట దొరుకుతుందో రాసి ఆర్టీఏ ఆఫీసులో ఇవ్వండి. "బస్సులు బాగాలేవు" అని రాస్తే ఎవరూ రారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. జూన్‌లో తనిఖీల హడావుడి ఎలాగూ ఉంటుంది, అది సద్దుమణిగాక ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి బస్సు చుట్టూ తిరిగి చూడండి. మారిన టైర్లు అప్పుడే బయటపడతాయి.

రిపేరు అయ్యేదాకా పిల్లల్ని ముందు నాలుగు వరసల్లో కూర్చోబెట్టమని అటెండర్‌కు చెప్పండి. బస్సు నడిచేటప్పుడు వెనక చివరి కిటికీలు మూసి, ముందువి తెరిచి ఉంచమనండి. వెనకవి తెరిస్తే బయటి పొగను బస్సే లోపలికి లాక్కుంటుంది.