ఆట ఆపేశాక కోచ్ అవ్వాలంటే: వాలీబాల్ ఆడే అమ్మాయిల కోసం

ఇంటర్ యూనివర్సిటీ ఆడి, స్టేట్ జెర్సీ వేసుకుని ఒకటి రెండు నేషనల్స్ కూడా చూసి, ఆ తర్వాత పెళ్లో, మోకాలి దెబ్బో, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాకపోవడమో ఏదో ఒకటి అడ్డం పడి ఆట ఆపేసిన అమ్మాయిలు మన జిల్లాల్లో బోలెడంత మంది. వాళ్లలో కోచ్ అయినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అమ్మాయిల టోర్నమెంట్‌కి వెళ్లినా బెంచీ మీద ఎక్కువగా మగ కోచ్‌లే కనిపిస్తారు. ఇది మారాలని గట్టిగా కోరుకుంటున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లాంగ్ పింగ్ గురించి తెలుసుకోండి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన చైనా జట్టులో మెయిన్ స్పైకర్ (నెట్ మీదుగా స్మాష్ కొట్టే ప్లేయర్), అక్కడి జనం 'ఇనుప సుత్తి' అని పిలుచుకునేవారు. 2016 రియోలో అదే చైనాకి కోచ్‌గా మళ్లీ స్వర్ణం. ప్లేయర్‌గానూ కోచ్‌గానూ వాలీబాల్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాళ్లు, మగవాళ్లతో కలిపి చూసినా, అప్పటిదాకా ఎవరూ లేరు. అందరూ ఈ రెండు పతకాల గురించే చెబుతారు కానీ మనకు పనికొచ్చేది మధ్యలో ఆమె ఏం చేసిందన్నది. 1987లో అమెరికా వెళ్లింది. దేశం మొత్తం గుర్తుపట్టే మనిషి అక్కడ న్యూ మెక్సికో యూనివర్సిటీలో మామూలు స్టూడెంట్‌గా చేరి, ఇంగ్లిష్ నేర్చుకుని, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతూ, ఆ యూనివర్సిటీ టీముకి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసింది. 1995లో చైనా టీము చేతికొచ్చేసరికి దాని పరిస్థితి ఏమంత బాగాలేదు, బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఏడో స్థానం, 1994 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఎనిమిదో స్థానం. మరుసటి ఏడాది అట్లాంటాలో దానికే రజతం వచ్చింది. ఆ తర్వాత ఇటలీ క్లబ్బులు, 2005 నుంచి అమెరికా టీము, 2008 బీజింగ్‌లో చైనా గడ్డ మీద చైనానే ఓడించి అమెరికాకి రజతం. అంత పెద్ద స్టార్ కూడా ముందు ఎవరి పక్కనో అసిస్టెంట్‌గా కూర్చుని పని నేర్చుకుంది. ఒలింపిక్స్ మన దాకా రాకపోవచ్చు, కానీ నేర్చుకునే వరస మాత్రం మనకూ ఇదే.

కాబట్టి ఆట పూర్తిగా ఆగేదాకా ఆగకండి, ఆడుతుండగానే మొదలుపెట్టండి. మీది ఏ పొజిషన్ అయినా సరే, మిగతా పొజిషన్ల పని తెలియాలి. స్పైకర్‌గా పదేళ్లు ఆడిన అమ్మాయికి సెట్టర్ (కొట్టేవాళ్లకి బంతి ఎత్తి ఇచ్చే ప్లేయర్) ఏం చూసి బంతి ఎటు ఇస్తుందో చాలాసార్లు తెలియదు. ప్రాక్టీస్ అయ్యాక సెట్టర్‌తో పది నిమిషాలు కూర్చుని, ఆ బంతి నాకెందుకు ఇవ్వలేదు అని గొడవగా కాకుండా నేర్చుకోవడానికి అడగండి. లిబెరో (వెనక వరసలో బంతి కింద పడకుండా కాపాడే ప్లేయర్) నిలబడే చోట మీరూ ఒక రోజు నిలబడి సర్వీసులు తీసుకోండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మీరు ఆడని మ్యాచ్ దొరికినప్పుడు, జిల్లా స్కూల్ గేమ్స్ అయినా పర్వాలేదు, బంతి వెంట కళ్లు తిప్పకుండా ఒక టీమునే చూడండి. పేజీలో ఆరు గడులు గీయండి, సెట్టర్ కోర్టులో ఒకటో నంబరు చోట (వెనక వరసలో కుడి మూల) ఉన్నప్పుడు ఒక గడి, ఆరులో (వెనక వరస మధ్యలో) ఉన్నప్పుడు ఇంకోటి, అలా ఆరు రొటేషన్లకీ, అంటే ఆటగాళ్లు ఒక్కో చోటు జరిగినప్పుడల్లా ఏర్పడే ఆరు అమరికలకీ. ఆ రొటేషన్‌లో పాయింటు వస్తే ప్లస్, పోతే మైనస్. రెండు సెట్లు అయ్యేసరికి ఏదో ఒక గడిలో మైనస్‌లు కుప్పగా కనబడతాయి. చాలాసార్లు అది సెట్టర్ ముందు వరసలో ఉన్న రొటేషనే అవుతుంది, ఎందుకంటే అప్పుడు నెట్ దగ్గర కొట్టేవాళ్లు ఇద్దరే మిగులుతారు, అవతలి బ్లాకర్లకి పని సులువైపోతుంది. పైనుంచి చూసేవాళ్లు 'అమ్మాయిలు టెన్షన్ పడుతున్నారు' అంటుంటే మీ కాగితం అసలు కారణం చెబుతుంది. ఈ అలవాటు ఒక్కటి ఉంటే చాలామంది సీనియర్ కోచ్‌ల కంటే ముందుంటారు, నిజంగానే చెబుతున్నాను.

ఇక సర్టిఫికెట్ల సంగతి. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్ఐఎస్ అంటామే, అక్కడి డిప్లొమాకే కోచ్ ఉద్యోగాల్లో ఎక్కువ విలువ. దానికి ఏడాది పడుతుంది, డిగ్రీ ఉండాలి, మీరు ఏ స్థాయిలో ఆడారో రుజువులు కావాలి. అందుకే ఆడిన ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్ లామినేషన్ చేయించకుండా (వెనక స్టాంపులు, సంతకాలు వేయాల్సి వస్తుంది) ఫైల్‌లో పెట్టుకోండి, స్కాన్ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, కానీ అది డిప్లొమాతో సమానం కాదు, ఎవరైనా ఒకటే అంటే నమ్మకండి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐవీబీ లెవెల్ 1, 2, 3 కోర్సులు వేరు, కొంత అనుభవం వచ్చాక వాటి వైపు చూడొచ్చు. స్కూల్లో పీఈటీ (వ్యాయామ టీచర్) ఉద్యోగం కావాలంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీతో పాటు యూజీసీ నెట్ లేదా రాష్ట్ర సెట్ పరీక్ష పాసవ్వాలి. ఇంట్లో డబ్బు పరిస్థితి గట్టిగా లేకపోతే ముందు బీపీఈడీ చేసి జీతం ఖాయం చేసుకుని, ఎన్ఐఎస్ తర్వాత చేయమనే నేనంటాను. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చదవండి, పోయినేడు చేరిన అక్క చెప్పిన అర్హతలతో సరిపెట్టుకోవద్దు.

అనుభవానికి మొదటి మెట్టు ఎండాకాలం క్యాంపులే. మే నెలలో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలు సమ్మర్ కోచింగ్ క్యాంపులు పెడతాయి, డబ్బులు పెద్దగా రావు, కానీ నలభై మంది పిల్లలు ఒకేసారి దొరుకుతారు. అక్కడే తెలుస్తుంది, ఆడటం వేరు నేర్పడం వేరు అని. పన్నెండేళ్ల పిల్ల అండర్‌హ్యాండ్ (రెండు ముంజేతులు కలిపి కింది నుంచి బంతి తీసుకోవడం) చేస్తుంటే బంతి తలమీదుగా వెనక్కి పోతుంది. గ్రౌండ్ బయటి నుంచి అందరూ 'మోకాళ్లు వంచు, చేతులు ఊపకు' అని అరుస్తారు. ఆ పిల్ల పాదాలు చూడండి. బంతి చేతులకి తగిలే క్షణానికి ఆమె ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఆలస్యంగా చేరింది కాబట్టే చేతులు ఊపి బంతిని అందుకుంటోంది. అప్పుడు చేతుల మాట ఎత్తకండి. మూడు మీటర్ల దూరం నుంచి మెల్లగా బంతి వేసి, కొట్టొద్దు, బంతి కింద పడేచోటికి ముందే వెళ్లి ఆగు, పొట్ట దగ్గర పట్టుకో చాలు అనండి. ఆగడం వచ్చాక అదే చోట అండర్‌హ్యాండ్ చేయించండి. ఒక రోజుకి ఒక పిల్లకి ఒకే ఒక్క మాట చెప్పాలి, రెండోది చెబితే మొదటిదీ పోతుంది.

నెట్ ఎత్తు కొలవండి. మహిళలకి 2.24 మీటర్లు, పురుషులకి 2.43. మన ఊళ్లలో స్తంభాలకి ఒకే కొక్కెం ఉంటుంది, అది మగపిల్లలకి కట్టింది, అమ్మాయిలూ దాని మీదే ఆడతారు. అందని నెట్ మీద స్మాష్ కొట్టే పిల్ల బంతిని పైకి నెట్టడం అలవాటు చేసుకుంటుంది, ఆ చేయి తర్వాత మార్చడం మహా కష్టం. టేపు, రెండో కొక్కెం, అంతకుమించి ఖర్చేమీ లేదు.

మోకాళ్ల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఎగిరి దిగే ఆటల్లో మోకాలి లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. చిన్న బల్ల మీద నుంచి కిందికి దూకమని ఎదురుగా నిలబడి చూడండి, దిగగానే మోకాళ్లు లోపలికి ఒకదాని వైపు ఒకటి వంగుతుంటే ఆ అమ్మాయికి స్మాష్‌ల సంఖ్య తగ్గించి, దిగడం నేర్పించి, తొడలు, తుంటి కండరాలు బలపడే వ్యాయామాలు వార్మప్‌లోనే పెట్టండి. నెలసరి గురించి మగ కోచ్‌తో చెప్పలేక నొప్పితోనే దూకే పిల్లలు ఉంటారు, మీరు ఆ మాట మీ అంతట మీరే మొదటి రోజే ఎత్తితే వాళ్లకి ఎంత ఊరటో మీకు చెప్పక్కర్లేదు.

మ్యాచ్‌లో బెంచీ పని ఇంకో చదువు. సెట్‌కి రెండు టైమౌట్లు, ఒక్కోటి 30 సెకన్లు. అందులో పది సెకన్లు నీళ్లు తాగి ఊపిరి పీల్చుకోనివ్వండి. మిగతా టైములో రెండు మాటలు: సర్వీసు ఎవరి మీద వేయాలి, బ్లాక్ ఎటు మూయాలి. జరిగిపోయిన తప్పుల లెక్క అప్పుడు ఎవరికీ ఎక్కదు. ప్లేయర్లని మార్చడానికి సెట్‌కి ఆరు అవకాశాలు ఉంటాయి, వాటికి భయపడకండి. రియోలో చైనా గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఓడి నాలుగో స్థానంతో క్వార్టర్స్‌కి వచ్చింది. ఎదురుగా బ్రెజిల్, వాళ్ల సొంత గడ్డ, వరసగా రెండు ఒలింపిక్స్ గెలిచిన జట్టు. మొదటి సెట్ 15-25తో పోయాక లాంగ్ పింగ్ బెంచీ మీదున్న లియు షియావోతోంగ్‌ని దింపింది, మ్యాచ్ తిరిగింది, 3-2తో చైనా గెలిచింది. మొదటి ఆరుగురితోనే ఏడాదంతా సాగదీసే కోచ్‌కి అలాంటి అమ్మాయి బెంచీ మీద సిద్ధంగా దొరకదు. లాంగ్ పింగ్ టీమును కట్టిన తీరే అది, ఎక్కువమందిని తిప్పుతూ ఆడించేది. మీరూ లీగ్ మ్యాచ్‌ల్లోనే పన్నెండు మందినీ దింపండి, ఓడిపోయినా సరే.

తల్లిదండ్రులతో మీరే మాట్లాడండి. ప్రయాణం ఎప్పుడు, తిరిగి ఎన్ని గంటలకి, ఎక్కడ పడుకుంటారు, ఇవి కాగితం మీద రాసివ్వండి. పదో తరగతి వస్తోందని మాన్పించే ఇళ్లు చాలా ఉంటాయి, కనీసం వారానికి మూడు రోజులు పంపమని అడగండి, పూర్తిగా ఆగిపోవడం కంటే అది నయం.

చివరిగా అందరికీ ఎదురయ్యే ఒక విషయం. మహిళల టీము బయటికి వెళ్లేటప్పుడు ఒక ఆడమనిషి వెంట ఉండాలి కాబట్టి మిమ్మల్ని 'మేనేజర్'గా పిలుస్తారు, టికెట్లు, భోజనాలు, గదుల తాళాలు మీ చేతికిచ్చి, కోర్టు పక్కన ఇంకెవరో కూర్చుంటారు. మొదటిసారి వెళ్లండి, తప్పులేదు. రెండోసారి పిలిచినప్పుడు అసిస్టెంట్ కోచ్ అని ఆర్డర్‌లో రాయించండి, ప్రాక్టీస్‌లో సగం, కనీసం సర్వీస్ రిసీవ్ భాగం, నాకివ్వండి అని అడగండి. వచ్చాక వాలీబాల్ సంఘం లెటర్‌హెడ్ మీద తేదీలతో, హోదాతో అనుభవ పత్రం తీసుకోండి. వారంలోపు అడిగితే ఇస్తారు, ఆరు నెలల తర్వాత అడిగితే సెక్రటరీ మారిపోయి ఉంటారు.