కారణం తెలియని మెడ, కండరాల నొప్పులు: వైద్యుని సంప్రదించే ముందు జాగ్రత్తలు

జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా, చేతులు, కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, నొప్పి దవడకో చేతికో పాకుతూ చెమటలు పట్టినా, ఈ జాగ్రత్తలన్నీ పక్కనపెట్టి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

అటువంటి లక్షణాలు లేనివారు నొప్పి ఎప్పుడు, ఎక్కడ మొదలైందో, ఎటు పాకుతోందో, ఉదయం లేచాక బిగుతు ఎంతసేపు ఉంటోందో తేదీలతో సహా రాసుకోవాలి. ఈ చివరి వివరం చిన్నదిగా కనిపించినా చాలా విలువైనది. ఎందుకంటే 50 ఏళ్ళు దాటినవారిలో రెండు భుజాలూ ఉదయం పూట 45 నిమిషాలకు మించి బిగుసుకుపోతుంటే, వైద్యులు పాలీమయాల్జియా రుమాటికాను (భుజాలు, తుంటి చుట్టూ నొప్పి, బిగుతు కలిగించే వాపు వ్యాధిని) కూడా పరిశీలిస్తారు.

వాడుతున్న మందులన్నింటి జాబితా వెంట ఉండాలి. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ల వల్ల కొందరికి కండరాల నొప్పులు రావచ్చు. అయినా వాటిని సొంతంగా మానకూడదు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోవాలి.

కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్‌ను కొలిచే క్రియాటిన్ కైనేజ్ పరీక్షకు ముందు కొద్దిరోజులు కఠిన వ్యాయామం చేయకూడదు, లేకుంటే ఫలితం ఎక్కువగా కనిపించవచ్చు.

నిర్ధారణ కాకముందే మెడను విరిపించుకోవడం ప్రమాదకరం.

రక్తపరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఒళ్ళంతా దీర్ఘకాలం నొప్పులు ఉండే ఫైబ్రోమయాల్జియాను నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ లేదు కనుక, తదుపరి ఏం చేయాలో నిస్సంకోచంగా అడగాలి.