విమానంలోంచి గోదావరి డెల్టా బాగా కనిపించాలంటే ఏ సీటు తీసుకోవాలి?

కిటికీ సీటు దొరికింది కదా అని సంబరపడి ఎక్కుతాం. తీరా చూస్తే గోదారి అవతలి వరస కిటికీల్లోంచి వెళ్లిపోతుంటుంది, మనకు రెక్కా మబ్బులూ మిగులుతాయి. సీటు నొక్కే ముందు ఓసారి మ్యాప్ తెరవండి.

మొదట తేల్చుకోవాల్సింది వైపు. ఎక్కే ఊరి నుంచి దిగే ఊరికి ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీద మీరే నడుస్తున్నారనుకోండి. డెల్టా ఏ చేతి వైపు పడితే ఆ వైపు కిటికీ. హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాదాపు నేరుగా తూర్పు. డెల్టా అంతా రాజమండ్రికి దిగువన, దక్షిణాన ఉంది. కాబట్టి వచ్చేటప్పుడు కుడి, తిరిగి వెళ్లేటప్పుడు ఎడమ. పాపికొండల వైపు చూడాలనుకుంటే ఇదే తిరగేయండి. చెన్నై నుంచి వచ్చేవాళ్లది అదృష్టం. విమానం తిన్నగా వస్తే ఎడమన కొల్లేరు, కుడిన కోనసీమ. నన్నడిగితే కుడే. విశాఖ నుంచి చెన్నై వెళ్లేవాళ్లు కూడా కుడివైపే కూర్చోవాలి. ఆకాశం తేటగా ఉంటే కాకినాడ ఎదుట సన్నటి హోప్ ఐలాండ్, దానికి దక్షిణంగా కోరింగ మడ అడవులు కనిపిస్తాయి. సీటు నంబర్లో ఎ అంటే ఎడమ కిటికీ, ఎఫ్ అంటే కుడి కిటికీ.

తర్వాత వరస. ఎయిర్‌బస్ లాంటి జెట్‌లో రెక్క కిటికీల కింద ఉంటుంది, మధ్య వరసల వాళ్లకి నేల కనపడదు. బాగా ముందు గానీ బాగా వెనక గానీ తీసుకోండి. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో రెక్క నెత్తిన ఉంటుంది కాబట్టి కింద చూడ్డానికి అడ్డులేదు. ప్రొపెల్లర్ పక్క వరసలు మాత్రం వద్దు. చప్పుడు సంగతి అటుంచి, ఫోన్‌తో ఫోటో తీస్తే దాని రెక్కలు వంకర్లు తిరిగి పడతాయి. వెనక వరసలు హాయి. పైగా ఏటీఆర్ తక్కువ ఎత్తులో ఎగురుతుంది, కాలవ గట్లు కూడా పోల్చుకోవచ్చు. కొన్ని విమానాల్లో కిటికీ సీటు అని డబ్బులు కట్టించుకున్నా పక్కన గోడే ఉంటుంది, సీట్ మ్యాప్‌లో హెచ్చరిక ఏమైనా రాశారేమో చదవండి.

కాలం కూడా చూసుకోవాలి. సార్వా (వానాకాలం వరి) చేలు పచ్చగా ఉండేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో, దాళ్వా (రెండో పంట వరి) పచ్చదనం ఫిబ్రవరి, మార్చిలలో. జులై, ఆగస్టుల్లో వరద గోదారి ఎర్రగా పొంగుతుంది గానీ మబ్బులు కనికరించాలి. సంక్రాంతికి పొద్దున్నే ఫ్లైట్ తీసుకుంటే మంచుతో ఆలస్యం కావచ్చు, కిందా ఏమీ కనపడకపోవచ్చు. పండగ టికెట్ ధరకి అది మరీ కడుపుమంట.

విమానం కిందికి దిగడం మొదలెట్టగానే ఫోన్ పక్కన పెట్టి చూడండి. హైదరాబాద్ నుంచి వస్తూ కుడి కిటికీలో ముందు వెతకాల్సింది ధవళేశ్వరం బ్యారేజీ. 1852 నాటికి కాటన్ కట్టించిన ఆనకట్ట చోట ఇప్పుడున్నది ఇదే. ఒక్క గీతలా ఉండదు, లంకల మధ్య నాలుగు ముక్కలుగా ఉంటుంది. పైన నిండుగా నీళ్లు, వేసవిలో కిందంతా ఇసుక తిన్నెలు. అక్కడి నుంచి మీకు ఎడమగా యానాం వైపు పోయే పాయ గౌతమి, కుడిగా అంతర్వేది వైపు పోయేది వశిష్ఠ. రెంటి మధ్యా కోనసీమ కొబ్బరి తోటలు ముదురు పచ్చగా కనిపిస్తాయి. వరిచేల పచ్చ అంతకంటే లేత. భీమవరం వైపు నలుచదరపు గళ్లన్నీ రొయ్యల, చేపల చెరువులు. ఎండ ఎదురుగా ఉంటే విమానం కదిలే కొద్దీ చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తళుక్కుమంటాయి. అందుకే ఎండ కళ్లలో పడుతోందని షట్టర్ మూసేయొద్దు.

రాజమండ్రి రన్‌వే ఈశాన్యం నుంచి నైరుతికి ఉంది, గాలిని బట్టి ఏ కొసనైనా దిగొచ్చు. నైరుతి నుంచి దిగితే గోదారి దాటుతూ వస్తుంది, అప్పుడు కుడివైపు వాళ్లకి వంతెనలు కూడా దక్కుతాయి. కమానుల వరస ఉన్నది 1997 నాటి ఆర్చి బ్రిడ్జి. అటు కొస నుంచి దిగితే ఇవి దక్కకపోవచ్చు, దానికి సీటు ఏం చేయలేదు.

నడవ పక్క సీటే వచ్చిందా? "ఏవండీ, మా ఊరొస్తోంది, కాస్త చూడనిస్తారా?" అని అడిగేయండి. కాదనేవాళ్లు తక్కువ.