లైట్లు వాటంతట అవే మిణుకుతుంటే కంట్రోలర్‌ని తిట్టకండి
డీఎంఎక్స్ (కంట్రోలర్ నుంచి స్టేజీ లైట్లని నడిపే సిగ్నల్ పద్ధతి) లైన్‌లో లైట్లు మిణుకుతున్నా, మూవింగ్ హెడ్‌లు (మోటారుతో తిరిగే లైట్లు) ఎవరూ చెప్పకుండానే తల తిప్పుతున్నా ముందు కేబుల్ చూడండి. మైక్ కేబుల్ అదే సాకెట్‌లో చక్కగా పడుతుంది, చిన్న లైన్ మీద పని కూడా చేస్తుంది, అందుకే నేనూ చాలాకాలం అదే వాడాను, కానీ లైన్ పొడవయ్యేకొద్దీ సిగ్నల్ దెబ్బతింటుంది. 120 ఓమ్‌ల డీఎంఎక్స్ కేబులే తీసుకోండి. ఆఖరి లైటు అవుట్‌లో టెర్మినేటర్ పెట్టండి, అంటే ఖాళీ ప్లగ్‌లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్, అంతే, ఇంట్లోనే టంకం పెట్టుకోవచ్చు. అది లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చి గందరగోళం చేస్తుంది.

కేబుల్‌ని వై ఆకారంలో చీల్చొద్దు. ఒక లైటు అవుట్ నుంచి తర్వాతి లైటు ఇన్‌కి, వరుసగా వెళ్లాలి. ఒక లైన్‌కి 32 పరికరాలు దాటితే స్ప్లిటర్ (సిగ్నల్‌ని వేర్వేరు లైన్లకి పంచే పెట్టె) తప్పదు.

అడ్రస్‌లు, అంటే ఒక్కో లైటు ఏ ఛానెల్ నంబరు నుంచి ఆదేశాలు వినాలో చెప్పే అంకెలు, సులువే: 8 ఛానెళ్ల లైట్లయితే 1, 9, 17 అలా, మొత్తం 512 వరకు. రెండు లైట్లు కవలల్లా ఒకేలా ఆడాలంటే రెండింటికీ ఒకటే అడ్రస్ ఇచ్చేయండి.

అన్నట్టు, ఫాగ్ మెషీన్ కరెంటు ప్లగ్‌ని మాత్రం డిమ్మర్‌కి (లైటు వెలుతురు తగ్గించే పరికరానికి) తగిలించకండి, నేరుగా సాకెట్‌కే.