కర్ర లేత్ ఉలులు కొనేటప్పుడు ఉక్కును పరీక్షించే పద్ధతి

కర్రను గిరగిరా తిప్పే లేత్ యంత్రం మీద పనిచేసేవారు ఉలి కొనేముందు తాము ఏ కర్రతో పనిచేస్తారో తేల్చుకోవాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు వంటి మెత్తని కర్రకు, పనితనం తెలిసిన కమ్మరి సాగగొట్టి గట్టిపరచిన కార్బన్ ఉక్కు ఉలి చక్కగా సరిపోతుంది. దానికి వచ్చినంత సన్నని పదును ఖరీదైన ఉక్కులకు సులభంగా రాదు. టేకులో ఉండే సిలికా మాత్రం పదునును త్వరగా తినేస్తుంది. తుమ్మ వంటి గట్టి కర్రలతో రోజంతా పనిచేసేవారికి కూడా హై స్పీడ్ స్టీలు, అంటే హెచ్.ఎస్.ఎస్., అవసరమవుతుంది. ఈ రెండు ఉక్కుల ధరల్లో చాలా తేడా ఉన్నందువల్ల, ఒకదాని పేరుతో మరొకటి అమ్మే అవకాశమూ ఉంది.

కార్బన్ ఉక్కు వేడి 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. సాన పడుతుండగా మొన నీలం తిరిగితే, ఆ మేరకు అరగదీసి తొలగించక తప్పదు. లోహాలను కోయడానికి రూపొంది, 1900లో పారిస్ ప్రదర్శనలో లోకానికి పరిచయమైన హెచ్.ఎస్.ఎస్. 500 డిగ్రీలు దాటినా గట్టిదనాన్ని నిలుపుకుంటుంది. కర్రపని ఉలుల్లో ఎక్కువగా కనిపించే ఎం2 రకంలో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వెనేడియం ఉంటాయి. 8 శాతం కోబాల్టు కలిసిన ఎం42 ఇంకా గట్టిది, ఖరీదూ ఎక్కువే.

ఉలి మీద కేవలం హెచ్.ఎస్.ఎస్. అని ఉంటే అది ఒక కుటుంబం పేరు మాత్రమే కాబట్టి, రకం ఏదో అమ్మేవారిని అడగాలి. ఎం2నే జర్మన్ పద్ధతిలో 1.3343 అనీ, జపాన్ పద్ధతిలో ఎస్‌కేహెచ్51 అనీ రాస్తారు. క్రోమ్ వెనేడియం అని ముద్రించి ఉంటే అది హెచ్.ఎస్.ఎస్. కాదు. షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ సార్బీ, క్రౌన్ వంటి తయారీదారులు రకాన్ని స్పష్టంగానే చెబుతారు. ముద్రే లేని చవక సెట్ల విషయంలోనే పరీక్ష అవసరం. అయస్కాంతం పెట్టి చూడటం వృథా, ఎందుకంటే రెండు ఉక్కులూ దానికి అతుక్కుంటాయి.

అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది నిప్పురవ్వల పరీక్ష. దీనికి తెలిసిన నమూనాలు రెండు పక్కన ఉండాలి: కార్బన్ ఉక్కుకు పాత ఆకురాయి (ఫైలు), హెచ్.ఎస్.ఎస్.కు నమ్మకమైన సంస్థ చేసిన డ్రిల్ బిట్. పెద్ద బిట్లకు కాడ వేరే ఉక్కుతో అతికి ఉండవచ్చు కనుక మెలికలున్న భాగాన్నే సానకు తాకించాలి. కాస్త మసక వెలుతురులో, ఒకే సానచక్రం మీద, ఒకే ఒత్తిడితో మూడింటినీ వరుసగా తాకించి చూడాలి. ఆకురాయి నుంచి పసుపు తెలుపు కలిసిన రవ్వలు చక్రం దగ్గరే గుత్తులుగా పేలుతాయి. ఎం2 నుంచి నారింజ ఎరుపు రంగులో సన్నని గీతలు వస్తాయి, చీలికలు చాలా తక్కువ. టంగ్‌స్టన్ 18 శాతం ఉండే పాత టీ1 రకమైతే రవ్వలు ముదురు ఎరుపులో, దాదాపు పేలకుండానే ఆరిపోతాయి. ఉలి మొనతోపాటు పిడిలోకి వెళ్లే తోకను కూడా పరీక్షిస్తే, రెండు ఉక్కులను అతికారా అన్నదీ తెలుస్తుంది. అతుకు తప్పేమీ కాదు, కాని అరిగే వరకు వాడుకోగల పొడవు అంతమేరకే ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి, చుట్టుపక్కల రంపపు పొట్టు ఉంటే ముందే ఊడ్చేయాలి, లేకపోతే రవ్వలకు అంటుకుంటుంది.

సానకు తాకించడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే, పిడి లేని ఉలిని తూకంతో పరీక్షించవచ్చు. ఎం2 సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.1 గ్రాములకు కొంచెం పైన, కార్బన్ ఉక్కుది దాదాపు 7.85. ముందు ఉలిని తూచి, తరువాత పొంగకుండా అంచుకు కిందివరకే నీళ్లు పోసిన పొడవాటి పాత్రను తూకం మీద పెట్టి సున్నా చేసి, ఉలిని దారంతో అడుగు తగలకుండా పూర్తిగా ముంచితే, తూకం చూపే గ్రాములే దాని ఘనపరిమాణం. 250 గ్రాముల ఉలికి ఎం2 అయితే 30.7 దగ్గర, కార్బన్ ఉక్కు అయితే 31.8 దగ్గర ఆగుతుంది. తేడా ఒక గ్రామే కాబట్టి పదో వంతు గ్రామును చూపే తూకం కావాలి. గాలి బుడగలను తుడిచేయాలి.

ఉక్కు అసలుదే అయినా సరిగా గట్టిపరచకపోతే ప్రయోజనం లేదు. కొత్త ఆకురాయిని మొన అంచున తేలికగా రుద్దితే జారిపోవాలి. కొరికిందంటే ఆ ఉలిని వదిలేయాలి. ప్రయోగశాలకు పంపదలిస్తే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరం కార్బన్‌ను చూడలేదని గుర్తుంచుకొని, కార్బన్‌ను కూడా కొలిచే స్పెక్ట్రోమీటరు పరీక్ష అడగాలి. ఒక్క ఉలికి ఆ ఖర్చు దండగే, టోకున కొనేటప్పుడు మాత్రం సమంజసం.

ఇక ఆకారం. గాడి ఉన్న ఉలి అయితే, ఆ గాడి లోపల తయారీ యంత్రం కోసిన గీతలు లోతుగా ఉంటే అంచు రంపపు పళ్లలా వస్తుంది, కాబట్టి గాడి నునుపును వేలితో తడిమి చూడాలి. పిడి చివరి పొన్ను (లోహపు కట్టు) కదలకూడదు. కర్రను మొదట ముతకగా గుండ్రపరిచే వెడల్పాటి గాడి ఉలి, అంటే రఫింగ్ గౌజ్‌కు తోక సన్నగా ఉంటుంది కనుక దాన్ని పొడవాటి కర్రలకే వాడాలి తప్ప గిన్నెలు తొలవడానికి ఎప్పుడూ వాడకూడదు. తోక విరిగి ఉలి ఎగిరే ప్రమాదం ఉంది. పాత ఆకురాయిని అరగదీసి ఉలిగా వాడే అలవాటు కూడా మంచిది కాదు, అది పెళుసు. చవకగా కావాలనుకుంటే, యంత్రపనిముట్ల దుకాణాల్లో దొరికే చదరపు హెచ్.ఎస్.ఎస్. బిట్టును మందమైన ఇనుప కడ్డీలో బిగించి, గట్టి పిడి వేయించుకుంటే మంచి స్క్రేపర్ (కర్రను గీకే ఉలి) తయారవుతుంది.