కాలేజీ స్టార్ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడో లేదో అంచనా వేయడం ఎలా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణి విభాగంలో అందరికంటే ఎక్కువ పాసింగ్ యార్డులు (పాస్‌లతో సాధించిన గజాలు) సాధించిన క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు, కేస్ కీనమ్. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం తరఫున 19,217 యార్డులు విసిరిన ఆ ఆటగాణ్ణి 2012 డ్రాఫ్ట్‌లో (వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఏడు రౌండ్లు గడిచినా ఏ జట్టూ ఎంచుకోలేదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2000 డ్రాఫ్ట్‌లో, మిషిగన్ నుంచి వచ్చిన టామ్ బ్రేడీ పేరు 199వ స్థానంలో పిలుపు అందుకుంది; ఆయన ఏడు సూపర్ బౌల్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ ఆటలు) గెలిచాడు. కాలేజీ రికార్డును కానీ డ్రాఫ్ట్ వరుసను కానీ చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఈ ఇద్దరూ చాలు.

అందువల్ల "ఈ కుర్రవాడు ఎంత గొప్ప ఆటగాడు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. కాలేజీలో అతను సాధించిన విజయంలో అతని వెంట వచ్చేది ఎంత, ఆ కాలేజీలోనే ఉండిపోయేది ఎంత అని అడగండి. అక్కడ ఉండిపోయేవి కోచ్ వేసిన పథకం, చుట్టూ ఉన్న మేటి ఆటగాళ్లు, బలహీనమైన ప్రత్యర్థులు, కాలేజీ నియమాలు. వెంట వచ్చేవి అతని కళ్లు, కాళ్లు, చెయ్యి, ఒత్తిడిలో అతని ప్రవర్తన. మొదటి రకాన్ని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టి, చివరికి మిగిలినదాన్ని తూచడమే అంచనా వేయడం.

రెండు ఆటలు ఒకటి కావు

ముందుగా నియమాల తేడాను మనసులో పెట్టుకోవాలి. మైదానం మధ్యలో రెండు వరుసలుగా కనిపించే, బంతిని పెట్టే చోటుకు హద్దులైన హ్యాష్ మార్కుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు ఉంటే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతిని ఒక హ్యాష్ మీద పెట్టి ఆట మొదలుపెట్టినప్పుడు కాలేజీలో ఒక వైపు విశాలమైన ఖాళీ మిగులుతుంది. దాన్ని కాపాడటానికి డిఫెన్స్ తన ఆటగాళ్లను ముందే అటు జరపవలసి వస్తుంది కనుక దాని ఆలోచన సగం బయటపడిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి దాదాపు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి డిఫెన్స్ చివరి క్షణం దాకా తన ఉద్దేశాన్ని దాచిపెట్టగలదు. పాస్ ఆటలో ఆఫెన్సివ్ లైన్ ఆటగాళ్లు (క్వార్టర్‌బ్యాక్ ముందు నిలిచి కాపాడేవారు) కాలేజీలో మూడు గజాల వరకు ముందుకు వెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. పరుగా, పాసా అని ఒక్క డిఫెండర్‌ను చూసి తేల్చుకునే ఆర్‌పీఓ ఆటలు కాలేజీలో అంత తేలికగా పండటానికి ఇది ఒక కారణం. సైడ్‌లైన్ దగ్గర క్యాచ్ పట్టేటప్పుడు కాలేజీలో ఒక పాదం లోపల ఉంటే చాలు, పై లీగ్‌లో రెండూ ఉండాలి. అంటే విసిరేవాడి గురి మరింత కచ్చితంగా ఉండాలి.

వీటికంటే నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. చాలా కాలేజీ జట్లలో స్నాప్‌కు (బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు అందించి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందు పదకొండు మందీ ఒక్కసారిగా సైడ్‌లైన్ వైపు తలలు తిప్పుతారు. డిఫెన్స్‌ను చదివేది, ఆటను మార్చేది కోచ్. క్వార్టర్‌బ్యాక్ ఆ సంకేతాన్ని అందుకుని అమలు చేస్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కోచ్ మాట వినిపించే హెల్మెట్ రేడియో, స్నాప్‌కు మిగిలిన సమయాన్ని చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు చేరగానే ఆగిపోతుంది, ఆ తరువాత డిఫెన్స్‌ను చదవడం, రక్షణను సరిదిద్దడం అతని బాధ్యతే. 2024 నుంచి అగ్రశ్రేణి కాలేజీ ఆటలోనూ అదే 15 సెకన్ల హద్దుతో హెల్మెట్ రేడియోను అనుమతించారు. అయినా మీరు చూస్తున్న ఆటగాడు స్నాప్‌కు ముందు తానుగా వేలు చూపి బ్లిట్జ్‌ను (అదనపు డిఫెండర్లు తన మీదికి దూసుకురావడాన్ని) గుర్తిస్తున్నాడా, లేక ఎదురుచూస్తూ నిలబడుతున్నాడా అన్నది తప్పక రాసుకోండి.

గణాంకాలను వలవడం

కంప్లీషన్ శాతం (విసిరిన పాస్‌లలో సహచరులు పట్టుకున్నవాటి శాతం) అంత మోసపుచ్చే అంకె మరొకటి లేదు. లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (ఆట మొదలయ్యే గీత) వెనకే ఇచ్చే స్క్రీన్ పాస్‌లు, ఇరవై పాయింట్ల ఆధిక్యంలో నాలుగో క్వార్టర్‌లో విసిరినవి, సీజన్ మొదట్లో బలహీనమైన జట్ల మీద పోగుచేసినవి తీసేసి చూడండి. మూడో డౌన్‌లో (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడు గజాలకు పైగా కావలసినప్పుడు, జట్టు వెనకబడి ఉన్నప్పుడు, అందరికీ పాస్ వస్తుందని తెలిసిన స్థితిలో అతను ఏం చేశాడన్నది మిగులుతుంది. చూడవలసింది అదే.

అలా వలిచినా అంకెలు అన్నీ చెప్పవు. 2019లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) తరఫున జో బరో 76.3 శాతం కంప్లీషన్‌తో 60 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరాడు. మరుసటి ఏడాది అలబామా తరఫున మ్యాక్ జోన్స్ 77.4 శాతం సాధించాడు. ఇద్దరూ జాతీయ ఛాంపియన్లే. బరోకు పాస్‌లు అందుకునే రిసీవర్లుగా జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ ఉంటే, జోన్స్‌కు డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్ ఉన్నారు. నలుగురు రిసీవర్లూ తరువాత మొదటి రౌండ్‌లో ఎంపికయ్యారు. కాగితం మీద ఈ ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను విడదీయడం కష్టం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం బరో సిన్సినాటీని రెండో ఏడాదే సూపర్ బౌల్‌కు తీసుకెళ్లగా, న్యూ ఇంగ్లండ్ జోన్స్‌ను మూడు సీజన్ల తరువాత వదులుకుంది. నా దృష్టిలో తేడా అంతా పథకం చెదిరిన ఆటల్లోనే ఉంది: లైన్ కూలినా బరో కళ్లు మైదానం మీదే ఉండేవి, జోన్స్‌కు అలా కూలిన సందర్భాలే కాలేజీలో అరుదు. పరీక్షకు నిలబడనివాడు పరీక్షలో నెగ్గినట్టు కాదు.

ఒక ఆటను దగ్గరగా చూడటం

టెలివిజన్ కెమెరా బంతి వెంట పరుగెత్తుతుంది, కనుక ప్రసారాన్ని మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. ఐదు మ్యాచ్‌లు ఎంచుకోండి. వాటిలో కనీసం రెండు ఓడినవి, రెండు గట్టి డిఫెన్స్‌ల మీద ఆడినవి ఉండాలి. మొదటిసారి చూసేటప్పుడు బంతి ఎక్కడికి వెళ్లిందో పట్టించుకోకండి.

మూడో డౌన్, ఎనిమిది గజాలు కావాలనుకుందాం. స్నాప్‌కు ముందు వెనక ఇద్దరు సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా కాసే డిఫెండర్లు) సమానంగా నిలబడి ఉన్నారు. బంతి చేతికి రాగానే వారిలో ఒకడు ముందుకు దూకుతాడు, అంటే చూపిన కవరేజీ (కాపలా పద్ధతి) ఒకటి, ఆడుతున్నది మరొకటి. అక్కడ వీడియోను ఆపి క్వార్టర్‌బ్యాక్ తలను చూడండి. మంచివాడి కళ్లు ఆ కదిలిన సేఫ్టీ మీద ఒక్క క్షణం నిలిచి, మొదటి రిసీవర్‌ను వదిలేసి రెండోవాడి వైపు తిరుగుతాయి. కళ్లతోపాటు పాదాలూ అటు తిరుగుతాయి. బలహీనుడు ముందే అనుకున్న రిసీవర్‌నే చూస్తూ ఉండిపోతాడు, లేదా తల తిప్పినా పాదాలు పాత దిక్కులోనే ఉండటం వల్ల బంతి రిసీవర్ వెనక పడుతుంది.

ఇప్పుడు అదే ఆటలో లైన్ అంచు నుంచి ఒక డిఫెండర్ చొచ్చుకొస్తాడు. పాకెట్‌లోనే (లైన్ తన చుట్టూ ఏర్పరిచిన రక్షణ వలయంలోనే) ఒక అడుగు ముందుకో పక్కకో జరిగి, చూపు దించకుండా విసిరేవాడు ఒకడు. వెనక్కి తిరిగి పదిహేను గజాలు పరుగెత్తేవాడు ఇంకొకడు. కాలేజీలో రెండోవాడి ఆటే హైలైట్ వీడియోల్లో మెరుస్తుంది, ఎందుకంటే అక్కడ వెంటపడే డిఫెండర్ అతనికంటే నెమ్మది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ పరుగు సాక్‌తో (బంతి విసరకముందే పట్టుబడి కూలడంతో) ముగుస్తుంది. ఒత్తిడి వచ్చిన ప్రతి పది సందర్భాల్లో ఎన్నిసార్లు సాక్ అయ్యాడో లెక్కపెట్టండి. సాక్‌లకు లైన్‌ను నిందించడం మామూలే కానీ, ఈ నిష్పత్తిలో పెద్ద భాగం క్వార్టర్‌బ్యాక్ సొంత అలవాటు. జట్టు మారినా అంత త్వరగా వదలదు.

ఇంకొక సంగతి చూడండి. రిసీవర్ ఖాళీ అయ్యాక విసురుతున్నాడా, ఖాళీ కాబోతున్నాడని తెలిసి విసురుతున్నాడా? రిసీవర్ మలుపు తిరగకముందే బంతి చెయ్యి దాటిందంటే అతను చూస్తున్నది మనిషిని కాదు, ఏర్పడబోయే చోటును. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఖాళీ అంటే అర అడుగు ఆధిక్యం మాత్రమే, కనుక ఖాళీని కళ్లారా చూశాకే విసిరేవాడికి ఆ లీగ్ చాలా ఇరుకుగా తోస్తుంది.

కొలతలు, పరీక్షలు

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే శిబిరంలో) 40 గజాల పరుగు, ఎత్తు, అరచేతి కొలత చూస్తారు. ఆరడుగుల డ్రూ బ్రీస్, అంతకంటే పొట్టివాడైన రసెల్ విల్సన్ సూపర్ బౌల్ గెలిచారు. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలకు జవాబిచ్చే వండర్లిక్ పరీక్షను కంబైన్ 2022లో మానేసింది. 2023లో సీజే స్ట్రౌడ్‌కు మరొక మేధాపరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని డ్రాఫ్ట్‌కు ముందు పెద్ద చర్చ జరిగింది. ఆ ఏడాది ఉత్తమ ఆఫెన్సివ్ రూకీ (లీగ్‌లో తొలి ఏడాది ఆటగాడు) అతనే. డిఫెండర్ ఒక్కడూ లేని ప్రో డేలో (జట్ల ప్రతినిధుల ముందు కాలేజీ జరిపే ప్రదర్శనలో) విసిరిన అద్భుతమైన పాస్‌ను ఎవరైనా మీకు చూపిస్తే, 2021లో అలాంటి పాస్‌తోనే జాక్ విల్సన్ రెండో స్థానానికి ఎంపికై, ఆపై నిలదొక్కుకోలేకపోయిన సంగతిని గుర్తుచేసుకోండి.

అనుభవం మాత్రం కాస్త బరువున్న కొలత. మిచెల్ ట్రుబిస్కీ కాలేజీలో 13 ఆటలే మొదలుపెట్టి (ఆరంభం నుంచి ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి) 2017లో రెండో స్థానంలో ఎంపికయ్యాడు. అదే డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ప్యాట్రిక్ మహోమ్స్ ఉన్నాడు. 2021లో ఎంపికైన ట్రే లాన్స్ కాలేజీలో మొదలుపెట్టినవి 17 ఆటలే. అతని కోసం శాన్ ఫ్రాన్సిస్కో పలు మొదటి రౌండ్ ఎంపికలను ఇచ్చేసింది. మరుసటి ఏడాది అదే జట్టు డ్రాఫ్ట్ అట్టడుగున 262వ ఎంపికతో నాలుగేళ్లు ఆడిన బ్రాక్ పర్డీని తీసుకుని, అతనితోనే సూపర్ బౌల్ దాకా వెళ్లింది. అయితే ఆబర్న్‌లో ఒక్క సీజన్ ఆడిన క్యామ్ న్యూటన్ 2015లో ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు కనుక దీన్ని సూత్రంగా పట్టుకోకూడదు. అనుభవానికి మరో ముఖం కూడా ఉంది: ఇరవై నాలుగేళ్లవాడు పంతొమ్మిదేళ్ల డిఫెండర్ల మీద చెలరేగినప్పుడు అందులో కొంత వయసు ఇచ్చిన వాటా అని మరువకూడదు.

ఏ గూటికి చేరాడు?

డ్రాఫ్ట్ రాత్రికి ముందు మీ అంచనా సగమే పూర్తవుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, జట్టు కొద్దీ క్వార్టర్‌బ్యాక్. 2002లో మొదటి ఎంపికగా కొత్త జట్టు హ్యూస్టన్ టెక్సన్స్‌కు వెళ్లిన డేవిడ్ కార్ తొలి సీజన్‌లోనే 76 సార్లు సాక్ అయ్యాడు. అది ఒక సీజన్‌లో లీగ్ రికార్డు. 2005లో మొదటి ఎంపికైన అలెక్స్ స్మిత్‌కు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఫెన్స్ నడిపే కోచ్ దాదాపు ఏటా మారాడు. 2011లో జిమ్ హార్బా కోచ్‌గా వచ్చాక అదే స్మిత్‌తో ఆ జట్టు 13 ఆటలు గెలిచింది. కాన్సస్ సిటీలో మహోమ్స్ తొలి ఏడాది ఆ అలెక్స్ స్మిత్ వెనకే కూర్చుని ఒక్క ఆట మాత్రమే మొదలుపెట్టి, 2018లో 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. న్యూయార్క్ జెట్స్‌లో విఫలుడనిపించుకున్న శామ్ డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకు 14 విజయాలు అందించాడు.

కనుక మూడు ప్రశ్నలు వేయండి: హెడ్ కోచ్ ఉద్యోగం ఎంత పదిలంగా ఉంది, ఆఫెన్సివ్ లైన్ ఎలా ఉంది, మొదటి రోజే అతన్ని మైదానంలోకి తోస్తారా? మూడింటికీ జవాబులు చెడ్డవైతే ఎంత మంచి ఆటగాడి మీదైనా మీ నమ్మకాన్ని ఒక మెట్టు దించండి.

తీర్పు రాసుకోవడం

"గెలుస్తాడు", "ఓడతాడు" అని రాయకండి. పదింటికి ఎన్ని పాళ్లు అవకాశం ఉందో రాయండి. విజయమంటే ఏమిటో కూడా ముందే నిర్ణయించుకోండి. అదే జట్టు అతనికి రెండో ఒప్పందం ఇవ్వడాన్ని నేను కొలమానంగా పెట్టుకుంటాను. మొదటి ఏడాది చూసి ఆ అంకెను మార్చవద్దు. 1998లో, తన తొలి ఏడాది, పేటన్ మానింగ్ 28 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు, రూకీల్లో అది నేటికీ చెరగని రికార్డు; జట్టు మూడే ఆటలు గెలిచింది. అదే డ్రాఫ్ట్‌లో రెండోవాడైన రయన్ లీఫ్ ఆ ఏడాది 2 టచ్‌డౌన్ పాస్‌లకు 15 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. మానింగ్ తప్పుల పక్కన 26 టచ్‌డౌన్ పాస్‌లూ ఉన్నాయి.

నేనూ ఘోరంగా పొరబడ్డాను. 2018లో వయోమింగ్ నుంచి వచ్చిన జోష్ అలెన్‌కు నేను పదింటికి రెండు పాళ్లే ఇచ్చాను. కాలేజీలో 56 శాతం గురి ఉన్నవాడికి పై లీగ్‌లో గురి కుదరదని దాని పక్కన కారణం రాశాను. తొలి ఏడాది 52.8 శాతంతో నా మాటే నిజమైనట్టు కనిపించింది. 2020 నాటికి అతను 69.2 శాతానికి చేరాడు, తరువాత ఎంవీపీ కూడా అయ్యాడు. పాదాల తప్పును కోచింగ్ సరిదిద్దగలదని, చేతి తప్పును సరిదిద్దడం కష్టమని ఆ పుటలో తరువాత ఎర్ర సిరాతో చేర్చుకున్నాను. అప్పటినుంచి గురి తప్పిన ప్రతి పాస్ దగ్గరా వీడియో ఆపి ముందుగా పాదాలు చూస్తున్నాను.

మీ పుట మీద మళ్లీ తెరవవలసిన తేదీ కూడా వేయండి. మొదటి రౌండ్ ఆటగాళ్ల ఐదో ఏడాది హక్కును (ఒప్పందాన్ని మరో ఏడాది పొడిగించే వీలును) వాడుకోవాలో వద్దో జట్లు వారి మూడో సీజన్ ముగిశాక వచ్చే మే నెల మొదట్లో తేల్చాలి. అతన్ని రోజూ దగ్గరగా చూసినవారు డబ్బు పెట్టి చెప్పే మొదటి అభిప్రాయం అది కనుక, మీ అంకెను దాని పక్కన పెట్టి చూడటానికి ఆ వారమే తగినది.